ఖాళీ

రాత్రి పదకొండు దాటినంక నా పని
సూది గుచ్చుడు కాదు, కుట్లు ఏసుడు కాదు.
ఫోన్ పట్టుకొని అడుక్కునుడు.
హలో, సిరోంచ క్యాజువాలిటీ నుంచి సిస్టర్‌ను,
ఖాళీ ఉన్నదా?

ఆరు మంచాలు మావి.
ఏడోది బెంచి.
ఎనిమిదోది తలుపు పక్కన, నేను చాప పరుచుకునే జాగ.
వానలు మొదలైతే తొమ్మిదోది కూడ పుడుతది,
ఎక్కడని అడుగకు.

అహేరి ఫోన్ ఎత్తదు.
గడ్చిరోలి ఎత్తుతది, పంపించున్రి అంటది,
రోడ్డు సంగతి దానికేం ఎరుక,
ఒక్కొక్క గుంతల ఒక్కొక్క నిమిషం మునిగిపోతది.
ప్రాణహిత దాటితే మంచిర్యాల దగ్గర.
కాని దాటినంక రాష్ట్రం మారుతది,
చిట్టీ మారుతది, సంతకం మారుతది,
ఒంట్ల జ్వరం మాత్రం అదే ఉంటది.

రెఫర్ చిట్టీ మరాఠీల రాస్త.
దాని కింద తెలుగుల నాలుగు ముక్కలు:
ఎనిమిదో నెల. ఫిట్స్ రెండు సార్లు.
మెగ్నీషియం ఇచ్చిన, టైము పన్నెండుంబావు.
బండ్ల నేను పోను గదా,
నా అక్షరాలే పోతయి ఆమె పక్కన కూసొని.

పదకొండేండ్ల సంది ఓదెలు గొంతు తెలుసు నాకు.
మొఖం తెల్వదు.
అక్కడి పెద్ద దవఖానల బెడ్ల లెక్క చూసేటోడు.
కోపంల ఉంటే, లేదు.
నిద్రల ఉంటే, లేదక్కా.
ఆగు అన్నడంటే మాత్రం ఉన్నట్టే.
ఫోన్ బల్ల మీద పెట్టి పోతడు.
చెప్పుల చప్పుడు. ఎవరినో బతిమాలుడు.
ఇనుప మంచం గచ్చు మీద ఈడ్చిన చప్పుడు.
దాని కోసం ఎన్ని రాత్రులు
చెవి కాలేదాక పెట్టుకొని నిలబడ్డనో.

తిట్టుకున్నం కూడ.
పాము కరిచిన పిలగాణ్ణి చెప్పకుండ తోలిన ఒకసారి.
ఇది దవఖాననా, మీ గోదామా అన్నడు.
ఆ వెంటిలేటర్ మీ అత్తగారు పెట్టిందా అన్న.
నెల మాట్లాడుకోలే.
మా స్వీపరు అడిగిండు, వాళ్ల వాచ్‌మన్ చెప్పిండు.
బండ్లు మాత్రం ఒక్క రాత్రి ఆగలే.

రిజిస్టర్ల గీతలు సర్కారు గీసినవి:
పేరు, ఊరు, వచ్చిన టైము, ఎటు పంపినం.
చివరి గీత నేను గీసుకున్న, స్కేలు పెట్టి,
పైన రాసిన: తర్వాత.
ఆ గడి ఎప్పటికీ తెల్లగనే ఉంటది.
పంపినోళ్లు నది దాటి
మనకు మాటైపోతరు, మాట కూడ కాకుంటైతరు.

మాసే తలండి వచ్చిన రాత్రి ఏరు ఎర్రగుండె.
మంచాన్ని తిరగేసి మోసుకొచ్చిండ్రు నలుగురు.
పెనిమిటి తన మాడియాల ఒక్కటే మాట అంటుండె,
నాకు అర్థం కాలే, ఇప్పటికీ ఎవరినీ అడుగలే.
ఆగు అన్నడు ఓదెలు.
గట్టయ్య బండి వంతెనెక్కినంక ఎర్ర లైటు
వానల కరిగిపోయేదాక చూసిన.
తిరిగొచ్చేసరికి బెంచి నిండింది.

ఇరువై రెండో పొద్దు.
డ్యూటీ దిగి చాయ్ పొయ్యి మీద పెట్టిన.
ఫోన్. ఓదెలు.
ఏనాడూ తనంత తను చెయ్యడు.
అక్కా, మీ బెడ్ ఖాళీ అయింది.

ఖాళీ.
ఈ కొలువుల ఆ మాటకు రెండు తలుపులు.
ఏ తలుపు నుంచి అని అడుగ నోరు రాలే.
చాయ్ పొంగి మంట ఆరింది.

వినబడుతుందా, అన్నడు.
పిల్లను మా దుప్పట్ల చుట్టుకొని పోయింది,
వద్దన్నా ఇయ్యలే.
లెక్కల తక్కువ వస్తుంది నాకు.
మీ దవఖాన ఒక దుప్పటి బాకీ.

ఆ రాత్రి రిజిస్టర్ తీసి
పాత పేజీ దొరికించుకొని
'తర్వాత' కింద మొదటిసారి పెన్ను పెట్టిన:
దుప్పటి బాకీ.

సిరా ఆరనే లేదు,
గేటు కాడ బండి హారన్.
అదే నంబరు తిప్పిన.
హలో, ఓదెలు,
ఖాళీ ఉన్నదా?